ఎండకు కరువు లేదు, ఇనుముకే ఉంది

అద్దకపు తొట్టి నీళ్లు వంకలోకి వదిలినా, పురుగుమందు డబ్బా కడిగిన నీళ్లు గట్టు మీద పారబోసినా మన దగ్గర వినిపించే మాట ఒకటే: "ఈ ఎండకు అన్నీ మాడిపోతాయిలే." ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం కొండారెడ్డి బురుజు కింద నిలబడిన ఎవరికైనా ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. పైగా అందులో సగం నిజం ఉంది. ప్రకృతిలో కలుషితాలను విరగ్గొట్టే పనిలో ఎండకు పెద్ద వాటాయే ఉంది. అబద్ధమల్లా మిగిలిన సగమే. ఆ పని ఎండ ఒక్కతే చేయదు. చాలాసార్లు ఇనుము చేతిలో ఉంటేనే చేస్తుంది. మన సీమలో ఎండ ఉంది, ఎర్రమట్టి నిండా ఇనుము ఉంది, కానీ ఆ రెండింటినీ కలవనీయకుండా మధ్యలో సున్నం కూర్చుంది. ఈ వ్యాసంలో నా వాదన ఇంతే. మిగతాదంతా దానికి లెక్కలు.

ముందు ఎండ సంగతి. ఒక పదార్థం వెలుతురుకు విరగాలంటే ఆ వెలుతురును అది మింగాలి. నేల దాకా చేరే సూర్యకాంతి దాదాపు 290 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. అంతకంటే పొట్టి తరంగాలను పైన ఓజోన్ పొర ఆపేస్తుంది. చాలా పురుగుమందులు, మందుబిళ్లల అవశేషాలు మింగేది ఆ ఆగిపోయిన భాగాన్నే. అంటే నేరుగా ఎండ తగిలినా వాటికి ఏమీ కాదు, గాజు మీద పడ్డ వెలుతురులా దాటిపోతుంది. ఇక్కడ ఒక దళారి కావాలి. వెలుతురును తాను తీసుకుని, ఆ శక్తిని కలుషితం మీదికి మళ్లించేవాడు. ప్రకృతిలో ఆ దళారీ పని బాగా చేసే లోహం ఇనుము.

పని జరిగే తీరు ఇది. నీళ్లలో కరిగిన ఫెర్రిక్ ఇనుము (మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రూపం) ఏదో ఒక సేంద్రియ ఆమ్లాన్ని పట్టుకుని ఉంటుంది: సిట్రిక్, ఆక్సాలిక్, లేదా ఆకులు కుళ్లగా వచ్చే హ్యూమిక్ పదార్థం. ఎండ తగలగానే ఆమ్లం నుంచి ఒక ఎలక్ట్రాన్ ఇనుముకు దూకుతుంది. ఇనుము ఫెర్రస్‌గా (రెండే పోగొట్టుకున్న రూపంగా) మారుతుంది, ఆమ్లం విరిగిపోతుంది. ఆ విరుగుడులో పుట్టిన ముక్కలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేస్తాయి. ఫెర్రస్ ఇనుము ఆ పెరాక్సైడ్‌ను కొడితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే, జత లేని ఎలక్ట్రాన్‌తో ఆవురావురుమనే ముక్క పుడుతుంది. అది ఎదురుపడ్డ సేంద్రియ పదార్థాన్ని దాదాపు దేన్నైనా కొరికేస్తుంది. ఈలోగా ఇనుము మళ్లీ ఫెర్రిక్ అయి, ఇంకో ఆమ్లాన్ని పట్టుకుని, మొదటికి వస్తుంది. ఇనుము ఖర్చు కాదు, ఖర్చయ్యేది ఎండ, ఆక్సిజన్, ఆమ్లం.

ఇందులో వెలుతురు లేని సగాన్ని 1894లో ఫెంటన్ అనే ఇంగ్లిషు రసాయన శాస్త్రవేత్త ప్రచురించాడు. వెలుతురు ఉన్న సగం అంతకంటే పాతది. ఇంజనీర్ల పాత బ్లూప్రింటు అదే: కాగితానికి ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ పూసి ఎండలో పెడితే, వెలుతురు తగిలిన చోట ఇనుము ఫెర్రస్ అయి నీలం తేలుతుంది. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి. మేడ కట్టడానికి గీసిన ప్లానూ, వాగులో విషం విరిగే తీరూ ఒకే రసాయనం మీద నడుస్తాయంటే వింతే.

ఇప్పుడు సున్నం దగ్గరికి వద్దాం.

ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల. ఈ పేర్లు వినగానే నాపరాళ్లో, సిమెంటు ఫ్యాక్టరీలో గుర్తొస్తాయి. రెండింటికీ మూలం సున్నపురాయి. ఆ రాళ్ల గుండా, సున్నపు పాలున్న నేలల గుండా దిగిన నీళ్లలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది. బిందె అడుగున తెల్లగా పట్టే గార అదే. బోరు నీటి పిహెచ్ (ఏడుకు కింద పులుపు, పైన క్షారం అని చెప్పే కొలత) చాలాచోట్ల ఏడున్నర, ఎనిమిది మధ్య ఆడుతుంది. పిహెచ్ నాలుగు దాటితేనే ఫెర్రిక్ ఇనుము, పట్టుకునే ఆమ్లం లేకపోతే, తుప్పుగా అడుక్కు దిగిపోతుంది. ఎనిమిది దగ్గర ఇక చెప్పనక్కర్లేదు. ఎండ కష్టపడి ఫెర్రస్‌గా మార్చినా, దాన్ని ఆక్సిజన్ తిరిగి తుప్పు చేసే వేగం పిహెచ్ ఒక అంకె పెరిగితే దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. పులుపు నీళ్లలో రోజులు నిలిచే ఫెర్రస్, మన బోరు నీళ్లలో నిమిషం నిలవడం గగనం.

"మట్టే ఎర్రగా ఉంది కదా, అదే ఉత్ప్రేరకం కాదా?" అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. ఎర్రమట్టికి రంగునిచ్చే హెమటైట్ అనే ఇనుప ఖనిజం వెలుతురును బాగానే మింగుతుంది. కానీ లోపల పుట్టిన విద్యుదావేశం రెండు నుంచి నాలుగు నానోమీటర్లు నడిచేలోపే చల్లారిపోతుంది. పైపొరకు చేరి నీళ్లను తాకేది చాలా తక్కువ. ఆ రేణువు మీద ఆక్సాలిక్ ఆమ్లం లాంటిది అతుక్కుంటే కథ మారుతుంది, ఇనుము కరిగి బయటికొస్తుంది. వేర్లు, బూజులు ఆ ఆమ్లాన్ని చేస్తాయి, కానీ అవి చేసేది మట్టి లోపల. వెలుతురేమో మట్టిలో ఒక మిల్లీమీటరు కూడా దిగదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోని బాపతు.

రాడికల్ పుట్టినా గండం తీరదు. ఒక లెక్క చూడండి. క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, లీటరుకు 400 మిల్లీగ్రాములు (కాల్షియం కార్బనేట్ లెక్కన) ఉన్న, పిహెచ్ ఎనిమిది ఉన్న నీళ్లలో ఒక మిల్లీగ్రాము పురుగుమందు ఉందనుకుందాం. దాని అణుభారం 250. పుట్టిన ప్రతి పది హైడ్రాక్సిల్ రాడికల్స్‌లో ఎనిమిది బైకార్బనేట్, కార్బనేట్ నోట్లోనే పడతాయి. మందుకు తగిలేవి రెండు. బైకార్బనేట్ ఒక్కోటీ నెమ్మదిగానే తింటుంది గానీ, మందు కంటే రెండు వేల రెట్లు ఎక్కువ మంది ఉంది. దాన్నుంచి పుట్టే కార్బనేట్ రాడికల్ పూర్తిగా పనికిరానిదేమీ కాదు, అనిలిన్లను, ఫినాల్స్‌ను, గంధకమున్న వాటిని కొరుకుతుంది. కాకపోతే ఎంచుకుని తినే రకం.

ఇక వానాకాలపు తుంగభద్ర, హంద్రీ నీళ్ల రంగు తెలిసిందే. ఆ ఎరుపులో అతినీలలోహిత కాంతి కొన్ని సెంటీమీటర్లకు మించి దిగదు. శ్రీశైలం జలాశయం ఎంత లోతున్నా రసాయనం నడిచేది పైన వేలెడు పొరలోనే.

అలాగని మామూలు నీళ్లలో ఈ పని అసలు జరగదని కాదు. దీనికి మంచి ఉదాహరణ ఈడీటీఏ. సబ్బుల్లో, సూక్ష్మపోషకాల ఎరువుల్లో లోహాలను పట్టి ఉంచడానికి వాడేది. సూక్ష్మజీవులు దాన్ని ముట్టవు. స్విట్జర్లాండ్‌లోని గ్లాట్ నదిలో పరిశోధకులు చూస్తే, ఇనుమును పట్టుకున్న ఈడీటీఏ మాత్రం ఎండకు త్వరత్వరగా విరిగిపోతోంది. నికెల్‌ను, జింకును, కాల్షియాన్ని పట్టుకున్నది అలాగే సముద్రం వైపు పోతోంది. నది ఒకటే, ఎండ ఒకటే, పదార్థమూ ఒకటే. తేడా అంతా చేతిలో ఏ లోహం ఉందన్నదే. "ఎండకు మాడిపోతుంది" అనేవాళ్లకు నేను చూపించేది ఈ ఉదాహరణే.

ఇదే సంగతి చీనీ తోటల రైతుకు తలకిందులుగా తగులుతుంది. సున్నపు నేలలో చీనీ చెట్టు లేత ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుపధాతు లోపం. డ్రిప్పులో ఇవ్వడానికి చీలేటెడ్ ఐరన్ (ఈడీటీఏ లాంటిది పట్టి ఉంచిన ఇనుము) కొంటారు. దాన్ని కలిపి, వెలుతురు దూరే తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ములో పొద్దుననుంచి సాయంత్రం దాకా ఎండలో పెడితే, గ్లాట్ నదిలో జరిగిందే డ్రమ్ములో జరుగుతుంది. ఈడీటీఏ విరుగుతుంది, విడిపడిన ఇనుము తుప్పయి అడుగున పేరుకుంటుంది, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. రైతు కంపెనీని తిడతాడు. నల్ల ట్యాంకు వాడండి, లేదా డ్రమ్ముకు గోనెపట్టా చుట్టండి, ఆ పూటకు కావలసినంతే కలపండి. ఇంకో మాట: నేలకు ఇచ్చేటప్పుడు పిహెచ్ ఏడు దాటిన సున్నపు నేలలో ఈడీటీఏ రూపం ఇనుమును నిలుపుకోలేదు, కాల్షియం వచ్చి దాని చోటు లాక్కుంటుంది. అక్కడ నిలిచేది ఈడీడీహెచ్‌ఏ రూపం. ఖరీదు ఎక్కువే. డబ్బా మీద "చీలేటెడ్" అన్న ఒక్క మాట చూసి కొంటే సగం డబ్బు సున్నంలో పోసినట్టే.

శెనక్కాయకు అంత ఖరీదు పెట్టరు, పెట్టక్కర్లేదు కూడా. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఆకు మీద కొట్టడం ఎప్పటినుంచో ఉన్న సిఫారసు. చాలామంది నిమ్మ ఉప్పును ఏదో తోడుకు వేసేది అనుకుని మానేస్తారు. అసలు మందు పనిచేయడమే దాని మీద ఆధారపడి ఉంది. లీటరుకు గ్రాము నిమ్మ ఉప్పు పడితే, క్షారత 400 ఉన్న బోరు నీళ్ల పిహెచ్ ఎనిమిది నుంచి అయిదు దగ్గరికి దిగుతుంది. అక్కడ ఫెర్రస్ ఇనుము తీరిగ్గా కరిగే ఉంటుంది, కొట్టేంతవరకూ తుప్పెక్కదు. అదే క్షారత 600 ఉన్న నీళ్లయితే ఆ గ్రాము చాలదు, పిహెచ్ ఆరు దగ్గరే ఆగుతుంది. అప్పుడు గ్రాముకు మరో అరగ్రాము చేర్చుకోవాలి. పిహెచ్ కాగితం రూపాయల్లో దొరికే వస్తువు, ముంచి చూసుకుంటే ఊహతో పని లేదు.

కలిపే వరస కూడా ముఖ్యం. ముందు నీళ్లలో నిమ్మ ఉప్పు, అది పూర్తిగా కరిగి బుడగలు ఆగాక అన్నభేది. తిరగేసి కలిపితే అన్నభేది సున్నపు నీళ్లను తాకిన క్షణమే పచ్చగా, ఆపైన గోధుమరంగుగా విరుగుతుంది. తర్వాత నిమ్మ ఉప్పు వేసినా ఆ తుప్పు అంత తేలిగ్గా కరగదు. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాలి. సంచిలోనే పసుపు పొడి రాలుతుంటే సగం ఫెర్రిక్ అయిపోయిందని అర్థం. కలిపిన ట్యాంకును ఎండలో వదలకూడదు: ఇనుము కొంత ఫెర్రిక్ అయ్యాక ఎండ దాంతో చేరి నిమ్మ ఉప్పునే తింటుంది. ఆమ్లం తగ్గేకొద్దీ పిహెచ్ పైకి పాకుతుంది, ఇనుము దిగిపోతుంది. పొద్దు వాలాక కొడితే ఆకు మాడే బెడదా తగ్గుతుంది, మందూ నిలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చిన్న మోతాదులు. ధర్మవరం పట్టు అద్దకం లాంటి చోట ఈ రసాయనాన్ని కావాలని నడిపించాలంటే లెక్క వేరు. ఎండ ఇంత ఉన్న ఊళ్లలో సోలార్ ఫెంటన్ తొట్లు, అంటే ఎండలో ఇనుము, పెరాక్సైడ్‌లతో మురికి నీళ్లను శుభ్రం చేసే తొట్లు, ఎందుకు లేవని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టగలిగిన ప్రాంతం ఇది. తొట్టికి ప్యానెళ్లు కూడా అక్కర్లేదు, ఒక పల్లెం చాలు. అయితే పల్లెం కట్టే దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది.

చవగ్గా దొరుకుతాయని నాపరాళ్లతో కడతారు. నాపరాయి అంటేనే సున్నపురాయి. ఆసిడ్ నీళ్లు పోసిన గంటలో రాయి బుసబుసమంటుంది, పిహెచ్ ఎక్కుతుంది, ఇనుము తుప్పవుతుంది, పని ఆగిపోతుంది. ఎంత ఆసిడ్ పోస్తే అంతా రాయే తాగుతుంది. సిమెంటు పూతా అంతే. లోపల మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరచాల్సిందే. వెయ్యి లీటర్లకు పది చదరపు మీటర్ల పల్లెం, పది సెంటీమీటర్ల లోతు. అంతకంటే లోతు పెడితే కింది నీళ్లకు వెలుతురు అందదు.

రెండో తప్పు అన్ని నీళ్లూ కలపడం. పట్టు నూలుకు బంక తీసిన నీళ్లలో సబ్బు, సోడా, సెరిసిన్ ఉంటాయి. సెరిసిన్ ప్రోటీను, రాడికల్స్‌కు విందు భోజనం. దాన్ని రంగు నీళ్లతో కలిపితే పెరాక్సైడ్ అంతా దానికే పోతుంది. బంక నీళ్లను విడిగా పట్టి, ఆసిడ్‌తో పిహెచ్ నాలుగు కిందికి తెస్తే సెరిసిన్‌లో చాలా భాగం, సబ్బు తెట్టు విడిపోతాయి. వాటిని వడగట్టి తీసేయాలి. పల్లెంలోకి పోయాల్సింది రంగు తొట్టి నీళ్లు మాత్రమే.

లెక్క వెయ్యి లీటర్లకు చెబుతాను. క్షారత 400, సిఓడి (నీళ్లలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) లీటరుకు 1000 మిల్లీగ్రాములు అనుకుందాం. పిహెచ్ మూడుకు దించడానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ సుమారు పావు లీటరు. అసిటిక్ ఆసిడ్ వేసి రంగద్దిన తొట్టి అయితే ఇంకొంచెం. ఆసిడ్‌నే నీళ్లలోకి సన్నగా పోయాలి, నీళ్లను ఆసిడ్‌లోకి కాదు. బైకార్బనేట్ విరిగి నురగ కడుతుంది, అది తగ్గేదాకా ఆగాలి. ఈ ఒక్క అడుగుతో రెండు గండాలు తీరతాయి: ఇనుము కరుగుతుంది, రాడికల్స్‌ను తినే బైకార్బనేట్ గాలిలో కలుస్తుంది. తర్వాత అన్నభేది 100 గ్రాములు, అంటే లీటరుకు 20 మిల్లీగ్రాముల ఇనుము. ఆపైన పెరాక్సైడ్. ఒక గ్రాము సిఓడికి 2.1 గ్రాములు లెక్క, కాబట్టి 50 శాతం సరుకు మూడున్నర లీటర్లు. ఒకేసారి కుమ్మరించకూడదు. ఎక్కువైన పెరాక్సైడ్ తన రాడికల్స్‌ను తానే తింటుంది. అయిదు వాటాలు చేసి, టెస్టు స్ట్రిప్పుతో చూస్తూ, ముందుది అయిపోవచ్చాక రెండోది. 50 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని తెల్లగా కాలుస్తుంది. చేతికి తొడుగు, కంటికి అద్దం, పక్కన బకెట్ నీళ్లు. ఇనుప డబ్బాలో పోయడమూ, మిగిలింది మళ్లీ క్యానులో పోయడమూ ప్రమాదం.

నీళ్లు చిక్కటి నలుపో, మెరూనో అయితే మొదటి గంట వెలుతురు లోపలికే పోదు. అప్పుడు మొదటి వాటా పెరాక్సైడ్‌ను తెల్లవారుజామునే వేసి కలియబెట్టాలి. చీకటి ఫెంటన్ రంగును కొంత విరిచి దారి చేస్తుంది, ఎండ వచ్చాక అది అందుకుంటుంది.

రంగు పోయింది కదా అని సంబరపడకూడదు. ఎక్కువ రంగుల్లో ముందు తెగేది రెండు నైట్రోజన్ల అజో బంధం. అది తెగితే రంగు పోతుంది, మిగిలే తెల్లని అరోమాటిక్ అమీన్లు కొన్ని రంగు కంటే చెడ్డవి. రంగు పోయాక కూడా ఎండలో మరికొన్ని గంటలు ఉంచి, సిఓడి పడిందో లేదో చూడాలి. ఆ పరీక్షలోనూ ఒక మోసం ఉంది: మిగిలిపోయిన పెరాక్సైడ్, పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను ఖర్చు చేసి, ఒక్కో మిల్లీగ్రాముకు దాదాపు అర మిల్లీగ్రాము దొంగ సిఓడి చూపిస్తుంది. పరీక్షకు ముందు పెరాక్సైడ్ సున్నా అని స్ట్రిప్పుతో రుజువు చేసుకోవాలి. ఆఖరికి మిగిలే అసిటిక్ లాంటి చిన్న ఆమ్లాలను రాడికల్స్‌తో తరమడం దండగ, వాటిని సూక్ష్మజీవులకు వదిలేయొచ్చు.

సున్నం వేసి పిహెచ్ ఎనిమిదికి తేవడం చివరి మెట్టు. వెయ్యి లీటర్లకు తడి సున్నం వంద గ్రాముల దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ పెంచాలి. ఇనుము తుప్పయి, ఎండిన లెక్కన 40 గ్రాముల లోపు బురదగా దిగుతుంది. ఈ మెట్టులో పెరాక్సైడ్ మిగిలి ఉండి, రంగుల్లో క్రోమియం ఉన్న మెటల్ కాంప్లెక్స్ రకాలుంటే అసలు ప్రమాదం అక్కడ: క్షారంలో పెరాక్సైడ్, మామూలు క్రోమియాన్ని ఆరో స్థాయి క్రోమియంగా మారుస్తుంది. శుభ్రం చేయబోయి విషం తయారుచేసినట్టు. పెరాక్సైడ్ పోయేదాకా సున్నం ముట్టుకోవద్దు.

ఆసిడ్ పోయకుండా, ఇనుమును ఆక్సాలిక్ ఆమ్లంతో కరిగించి మామూలు పిహెచ్‌లోనే నడపొచ్చని చాలాచోట్ల చదువుతాం. నిజమే, ఫెర్రిక్ ఆక్సలేట్ నీలికాంతిని కూడా మింగుతుంది, వెలుతురును కొలవడానికే దాన్ని ప్రమాణంగా వాడతారు. కానీ కడప బోరు నీళ్లలో వేసి చూడండి. కాల్షియం ఆక్సలేట్ తెల్లగా విరిగి అడుక్కు పోతుంది, ఇనుముకు మిగిలేది అత్తెసరు. మెత్తని నీళ్ల దేశాల్లో రాసిన రెసిపీని మన నీళ్లకు దించుకుంటే ఇలాగే ఉంటుంది. ఇక్కడ నిమ్మ ఉప్పే నయం.

తాగే నీటికి వస్తే క్లుప్తంగా రెండు మాటలు. తేట నీళ్లను రెండు లీటర్ల లోపు పెట్ బాటిల్‌లో ఆరు గంటలు ఎండలో పెడితే సూక్ష్మక్రిములు చస్తాయి, మబ్బుంటే రెండు రోజులు. ఫ్లోరైడ్ మాత్రం తగ్గదు. ఎండ విరిచేది బంధాలను, ఫ్లోరైడ్‌లో విరగడానికి బంధం లేదు. అనంతపురం పల్లెలకు 1990ల్లో సత్యసాయి నీటి పథకం పైపులు రావడంలో అర్థం అదే, నీళ్లే మార్చాలి.

మందు డబ్బా సంగతి మిగిలింది. ఇమిడాక్లోప్రిడ్ ఎండను తానే మింగే రకం, తేట నీళ్లలో పలచగా ఉంటే గంటల్లో విరుగుతుంది. అదే మందు గట్టు మట్టిలో ఇంకితే నెలల తరబడి ఉంటుంది. వెలుతురు మిల్లీమీటరు దాటదని పైన చెప్పుకున్నాం కదా. అందుకే డబ్బాను మూడుసార్లు గిలకరించి కడిగి, ఆ నీళ్లను స్ప్రేయరు ట్యాంకులోనే పోసి, పంట మీదే కొట్టేయాలి. ఆకు మీద పలచటి పొరగా పడిన మందుకు ఎండ తగులుతుంది. గట్టు మీద పోసిన దానికి తగలదు.